ఒకే తోటకు మళ్లీ మళ్లీ

చోడవరం చుట్టుపక్కల పుట్టి పెరిగినవాళ్లకు తోట కొత్త కాదు. మామిడి తోట, జీడి తోట, కొబ్బరి తోట, సరుగుడు తోట అంటూ ప్రతి కుటుంబానికీ ఏదో ఒకదానితో సంబంధం ఉంటుంది. గోవాడ ఫ్యాక్టరీకి చెరకు తోలినవాళ్లు, అనకాపల్లి మార్కెట్‌కు బెల్లం దిమ్మలు పంపినవాళ్లు ఇక్కడ ఏ వీధిలోనైనా కనిపిస్తారు. అందుకే "తోట చూసొద్దాం రండి" అంటే చాలామందికి ఆ మాట వింతగా ఉంటుంది. కాపు ఎలా ఉందో, కౌలు ఎంతో, ఈ ఏడు ధర పలుకుతుందో లేదో తెలుసుకోవడానికి తోటకు వెళ్తారు. ఊరికే చూడ్డానికి ఎవరు వెళ్తారు?

ఈ అధ్యాయం అలా ఊరికే చూడటానికి వెళ్లడం గురించే. మనకు కాపు రాని, కౌలు లేని, అందరిదీ అయిన తోటలకు ఎలా వెళ్లాలి, అక్కడ ఏం చూడాలి, ఆ అలవాటు మనిషిలో ఏం మారుస్తుంది అనేవే ఇందులోని విషయాలు. చెప్పదలచుకున్నది ఒక్కటే. పది తోటలు ఒక్కోసారి చూసినవాడికంటే, ఒక తోటను ఏడాది పొడవునా పదిసార్లు చూసినవాడికి ఎక్కువ దక్కుతుంది. అతనికి ఓపిక వస్తుంది, చూపు పదునెక్కుతుంది, కాలం గడవడంలోని తీరు అర్థమవుతుంది. ఇవి మూడూ మనసుకు సంబంధించినవే. ఏ తరగతి గదిలోనూ సులువుగా దొరికేవి కావు.

మన ఇళ్లలో ఉన్న అలవాటే

తోటకు వెళ్లి రోజంతా గడపడం మనకు పరాయి ఆచారం కాదు. కార్తీకమాసం వస్తే వనభోజనాలకు వెళ్తాం. ఉసిరి చెట్టు ఉన్న చోటు వెతుక్కుని, దాని మొదట్లో దీపం పెట్టి, ఆ నీడలోనే విస్తళ్లు వేసుకుంటాం. కులానికో వీధికో ఉద్యోగుల సంఘానికో ఒక సమారాధన ఉంటుంది. పెద్దలు ఈ ఆచారంలో ఒక మంచి సంగతి పెట్టారు. ఏడాదిలో ఒక రోజైనా మనుషులు ఇల్లు వదిలి చెట్టు కిందికి రావాలి, ఆ రావడం ఒక నిర్దిష్టమైన చెట్టు కోసం జరగాలి.

ఇప్పుడు మనం ఆ ఆచారంలో వంటలు ఉంచుకున్నాం, మైకు చేర్చుకున్నాం, చెట్టును మాత్రం మరిచిపోతున్నాం. వనభోజనం నుంచి తిరిగొచ్చిన పిల్లల్ని "ఉసిరి ఆకు ఎలా ఉంటుంది?" అని అడిగి చూడండి. చాలామంది చెప్పలేరు. తప్పు వాళ్లది కాదు. చూపించే పెద్దలు వంట దగ్గర ఉన్నారు. కాబట్టి మనం కొత్తగా దేన్నీ మొదలుపెట్టక్కర్లేదు. ఏడాదికోసారి చేస్తున్న పనిని ఇంకాస్త తరచుగా, ఇంకాస్త శ్రద్ధగా చేస్తే చాలు.

చెట్టును చూస్తే మనిషికి ఏమవుతుంది?

1984లో రోజర్ ఉల్రిక్ అనే అమెరికన్ పరిశోధకుడు 'సైన్స్' పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. పిత్తాశయం ఆపరేషన్ అయిన రోగులను ఆయన రెండు జట్లుగా పోల్చారు. ఒక జట్టు పడుకున్న గదుల కిటికీల్లోంచి చెట్లు కనిపించేవి, రెండో జట్టుకు ఇటుక గోడ కనిపించేది. చెట్లు కనిపించినవాళ్లు కొంత ముందుగా ఇళ్లకు వెళ్లారు. వాళ్లకు గట్టి నొప్పి మందులు కూడా తక్కువే పట్టాయి. ఆ తర్వాత 1989లో రేచల్ కప్లాన్, స్టీఫెన్ కప్లాన్ దంపతులు తమ పుస్తకంలో మరో మాట వివరించారు. లెక్కలు చూడటం, ఫోన్‌లో సందేశాలకు జవాబివ్వడం, ట్రాఫిక్‌లో బండి నడపడం లాంటి పనులకు మనసును బలవంతంగా ఒకచోట నిలపాలి. ఆ శక్తి అలసిపోతుంది. ఆకులు కదలడం, నీళ్ల మీద వెలుగు ఆడటం లాంటివి మన ప్రయత్నం లేకుండానే చూపును నిలుపుతాయి, అందువల్ల అలసిన శక్తి తిరిగి కూడుకుంటుంది.

విశాఖపట్నంలో ఈ సంగతికి సరిగ్గా సరిపోయే చోటు ఒకటుంది. పెదవాల్తేరులోని రాణీ చంద్రమణీదేవి ఆసుపత్రి ఆవరణలో బయోడైవర్సిటీ పార్కు ఉంది. డాల్ఫిన్ నేచర్ కన్జర్వేషన్ సొసైటీ దాన్ని చూసుకుంటోంది. మందు మొక్కలు, నీటి మొక్కలు, ఎడారి మొక్కలు, తీగలు వేర్వేరు భాగాలుగా పెంచారు. వైద్యం జరిగే చోటనే తోట ఉండాలన్న ఆలోచన ఎంత సబబైనదో అక్కడ అరగంట నడిస్తే తెలుస్తుంది.

ఏ తోటను ఎంచుకోవాలి?

చోడవరం నుంచి విశాఖపట్నానికి సుమారు యాభై కిలోమీటర్లు. అనకాపల్లి మీదుగా ఒక దారి, సబ్బవరం, పెందుర్తి మీదుగా ఇంకో దారి. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా ఏర్పడ్డాక కాగితాల మీద మనది విశాఖపట్నం జిల్లా కాదు. కానీ ఆసుపత్రికి, కాలేజీకి, బట్టల కొనుగోళ్లకు ఇప్పటికీ వెళ్లేది విశాఖకే. ఆ ప్రయాణాల్లో ఒక గంట తోట కోసం మిగుల్చుకోగలిగితే వేరే ఖర్చు లేకుండానే ఈ అలవాటు మొదలవుతుంది. మీకు కావలసినదాన్ని బట్టి ఎంచుకోండి.

నగరం మధ్యలో పని ఉన్నవాళ్లకు సెంట్రల్ పార్కు దగ్గర. ఒకప్పుడు సెంట్రల్ జైలు ఉన్న స్థలం అది. జైలు అడవివరానికి తరలిపోయాక ఆ ఆవరణ పార్కయింది. ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సు దిగినవాళ్లు బస్సు కోసం ఎదురుచూసే సమయాన్ని అక్కడ గడపవచ్చు.

సముద్రం పక్కన చెట్టు ఎలా బతుకుతుందో చూడాలంటే బీచ్ రోడ్డులోని వుడా పార్కుకు వెళ్లాలి. ఇప్పుడది వీఎంఆర్‌డీఏ పార్కు. కొంచెం ఎత్తు నుంచి చూడాలంటే కైలాసగిరి ఎక్కాలి. తీరంలో కొన్ని చెట్లు లోతట్టు వైపు వాలి, ఒక పక్కే గుబురుగా కనిపిస్తాయి. సముద్రపు గాలి మోసుకొచ్చే ఉప్పు తుంపర ఆ పక్క చిగుళ్లను మాడ్చేస్తుంది. గాలి తగలని పక్క చిగుళ్లు బతుకుతాయి. చెట్టు ఆ వైపుకే పెరుగుతుంది. గాలి ఏ దిక్కు నుంచి వీస్తుందో ఆ చెట్టు ఆకారమే చెబుతుంది.

పిల్లలతో రోజంతా గడపాలంటే ఎండాడ దగ్గరి ఇందిరా గాంధీ జూపార్కు ఉంది. 1977 మే 19న ప్రజలకు తెరిచిన ఈ జూ 625 ఎకరాల్లో ఉంది. సోమవారం సెలవు. అందరూ జంతువుల బోనుల దగ్గరే ఆగుతారు. మీరు బోనుల మధ్య దారుల్లో ఉన్న చెట్ల దగ్గర కూడా ఆగండి. తూర్పు కనుమల అడవి ఎలా ఉంటుందో బస్సు దిగిన చోటనే చూడగలిగే అవకాశం ఇది. ఇంకా అడవి కావాలనుకుంటే హైవేకి అవతలే కంబాలకొండ ఉంది. అది వన్యప్రాణి అభయారణ్యం. అక్కడ నాటిన పూలమడులు ఉండవు, వాటంతట అవి పెరిగిన చెట్లుంటాయి. తోటకూ అడవికీ తేడా పిల్లలకు చెప్పాలంటే ఈ రెండూ ఒకదాని తర్వాత ఒకటి చూపించండి.

భక్తి ఉన్నవాళ్లు సింహాచలం వెళ్తూనే ఉంటారు. పెందుర్తి దారిలో వెళ్తే అది దాదాపు మన దోవలోనే. సింహాద్రి అప్పన్న కొండ సంపెంగలకు పేరుపొందింది. దర్శనం క్యూ నుంచి బయటికొచ్చి తిన్నగా బస్సెక్కకుండా, మెట్ల దారిలో కాసేపు చెట్లను వెతకండి. బుట్టలో అమ్మే సంపెంగ అందరికీ తెలుసు. సంపెంగ చెట్టు కాండం, ఆకు తెలిసినవాళ్లు తక్కువ.

కొండ తోటలంటే చోడవరం వాళ్లకు ఉన్న వసతి విశాఖ వాళ్లకు కూడా లేదు. వడ్డాది, మాడుగుల మీదుగా పాడేరు ఘాట్ మన గుమ్మం ముందే మొదలవుతుంది. మినుములూరు దగ్గర కాఫీ తోటలు, వాటికి నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు, ఆ చెట్లకు పాకిన మిరియాల తీగలు మూడూ ఒకేచోట చూడొచ్చు. పైనొక చెట్టు, కిందొక మొక్క, మధ్యలో ఒక తీగ, మూడూ ఒకదానికొకటి అడ్డం రాకుండా బతుకుతాయి. ఇంకా ముందుకు వెళ్తే అరకులో పద్మాపురం ఉద్యానవనం ఉంది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో సైనికులకు కూరగాయలు పండించడానికి ఏర్పాటైన తోట అది. యుద్ధం ముగిశాక కూరగాయల మడుల చోట పూల మడులు వచ్చాయి.

ఇన్ని చోట్లూ ఒక్క ఏడాదిలో చుట్టేయాలని అనుకోవద్దు. మీ ప్రయాణాలకు దగ్గరగా పడేది ఒకటి ఎంచుకోండి. ఏడాది పాటు అది మీ తోట.

ఎలా చూడాలి?

మొదటిది, ఒక ప్రశ్నతో లోపలికి వెళ్లండి. "ఈ రోజు ఏ చెట్టుకు కొత్త చిగురు వచ్చింది?" "తేనెటీగలు ఏ పువ్వు దగ్గర ఎక్కువగా ఉన్నాయి?" "ఏ చెట్టు కింద నేల చల్లగా ఉంది?" ప్రశ్న ఎంత చిన్నదైతే అంత మంచిది. ప్రశ్న లేని చూపు గేటు నుంచి గేటుకు జారిపోతుంది. ప్రశ్న ఉన్న చూపు వెతుకుతుంది.

రెండోది, ఒక చెట్టును మీ చెట్టుగా పెట్టుకోండి. ఎప్పుడు వెళ్లినా ముందు దాని దగ్గరకే వెళ్లండి. కాండం మీద చెయ్యి పెట్టండి, తల ఎత్తి కొమ్మలు చూడండి, కింద రాలినవాటిని చూడండి. ఆకు, పూత, పిందె, కాయ, రాలిన ఆకు వరుసగా ఒకే చెట్టులో చూసినప్పుడు కాలం మీద మన అవగాహన మారుతుంది. నెల రోజుల్లో ఫలితం రాలేదని ఒక పని వదిలేసే అలవాటు ఉన్నవాళ్లకు ఇంతకంటే మంచి సాధన లేదు. చెట్టు ఆలస్యం చేయడం లేదు, తన సమయానికి తాను పనిచేసుకుంటోంది. ఈ మాట పుస్తకంలో చదివితే మరిచిపోతాం. ఒక చెట్టులో చూస్తే నిలుస్తుంది.

మూడోది, పేరు అడగండి. ఇది అన్నిటికంటే ముఖ్యం. ప్రతి పార్కులోనూ పొద్దున్నే నీళ్లు పెట్టే తోటమాలి ఉంటాడు. "బాబాయ్, ఇదేటి చెట్టు?" అని అడిగితే చాలు. పేరు చెబుతాడు, ఎప్పుడు పూస్తుందో చెబుతాడు, ఏ తెగులు వస్తుందో చెబుతాడు. రోజూ వందలమంది ఆయన పక్కనుంచి నడుచుకుంటూ వెళ్తారు. అడిగేవాళ్లు అరుదు. అడిగినవాళ్లను ఆయన గుర్తుపెట్టుకుంటాడు.

అడిగి తెలుసుకోవడంలో మనకు గొప్ప ఉదాహరణ ఒకటుంది. 1780ల్లో విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లండ్ వైద్యుడు ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా మన సామర్లకోటలో ఉండేవాడు. అక్కడ ఒక ప్రయోగ తోట వేసి మిరియాలు, కాఫీ, దాల్చినచెక్క లాంటివి పెంచి చూశాడు. చుట్టుపక్కల మొక్కలన్నిటినీ సేకరించి, స్థానిక చిత్రకారులతో బొమ్మలు వేయించాడు. ఇక్కడి జనాన్ని అడిగి మొక్కల తెలుగు పేర్లు రాసుకున్నాడు. 1787లో వచ్చిన ముంపులో ఆయన పుస్తకాలు, కాగితాలు, ఎండు మొక్కల సేకరణ పోయాయి. మళ్లీ మొదటి నుంచి పని మొదలుపెట్టాడు. 1795 నుంచి లండన్‌లో భాగాలుగా వెలువడిన కోరమండల్ తీరపు మొక్కల గ్రంథం ఆ పనికి ఫలితం. మూడు వందల బొమ్మలున్న ఆ గ్రంథం వెనుక మన ఊళ్ల రైతులు, పశువుల కాపరులు, వైద్యులు చెప్పిన సమాచారం ఉంది. వాళ్ల పేర్లు మనకు మిగల్లేదు, వాళ్లు చెప్పిన చెట్ల పేర్లు మిగిలాయి. ఒక పరాయి దేశస్థుడు అడిగి రాసుకోగలిగినప్పుడు, మన భాషలోనే జవాబు దొరికే మనం అడగడానికి మొహమాటపడటం దేనికి?

నాలుగోది, రాసుకోండి. జేబులో పట్టే నోటు పుస్తకం చాలు. తారీఖు, చోటు, చెట్టు పేరు, చూసిన ఒక్క సంగతి. రెండు లైన్లు మించక్కర్లేదు. ఫొటో తీయొచ్చు, కానీ రాశాకే తీయండి. ముందే ఫొటో తీస్తే, చూడాల్సిన పని అయిపోయిందని మనసు అనుకుంటుంది.

ఏ నెలలో ఏం చూడాలి?

మన తీరంలో ప్రతి ఋతువుకూ ఒక చెట్టు వంతు ఉంటుంది. వానలు ముందూ వెనకా కావచ్చు కాబట్టి వారం పదిరోజులు తేడా వస్తుంది. ఆ తేడాను గమనించడం కూడా సాధనలో భాగమే.

జనవరి, ఫిబ్రవరిల్లో బూరుగ ఆకులన్నీ రాల్చి ఎర్రగా పూస్తుంది. గోరింకలు, కాకులు ఆ పూల దగ్గర పొద్దున్నే గుమిగూడతాయి. పార్కుల్లో బంతి, చామంతి, డాలియా మడులు నిండుగా ఉండేదీ ఇప్పుడే. ఆ తర్వాత మోదుగ వస్తుంది. ఘాట్ దారిలో వెళ్తే దూరం నుంచే కనిపిస్తుంది. మార్చి, ఏప్రిల్‌లో వేప పూత, కానుగ లేత చిగురు. కొండల్లో తొలి జల్లులు పడితే కాఫీ మొక్కలు తెల్లగా పూస్తాయి. ఆ పూత కొద్దిరోజులే నిలుస్తుంది, అందుకని పాడేరు వైపు తెలిసినవాళ్లుంటే కనుక్కుని వెళ్లండి.

ఏప్రిల్ చివర నుంచి జూన్ దాకా ఎండకు భయపడి ఎవరూ పార్కులకు వెళ్లరు. పూలు ఎక్కువగా ఉండేది మాత్రం అప్పుడే. రేల చెట్టు పసుపు గుత్తులు, తురాయి ఎరుపు, పచ్చతురాయి పసుపు ఒకే రోడ్డు మీద కనిపిస్తాయి. పొద్దున్న ఆరింటికల్లా లోపల ఉండి ఎనిమిదింటికి బయటికొచ్చేయండి. జూన్, జూలైలో తొలకరి పడ్డాక కడిమి గుండ్రని పూలు, సంపెంగలు. వానాకాలం చివర పారిజాతం. తెల్లవారుజామున వెళ్తే కింద రాలిన పూలు చూడొచ్చు, ఎండెక్కాక వాడిపోతాయి. సీతాకోకచిలుకలు ఎక్కువగా కనిపించేదీ ఈ రోజుల్లోనే. కార్తీకంలో ఉసిరి. నవంబర్, డిసెంబర్‌లో అరకు లోయలో వలిసె పూలు. అది తోట కాదు, గిరిజన రైతులు నూనె గింజల కోసం వేసిన పంట. గట్టు మీద నుంచి చూడండి. ఫొటోల కోసం చేలోకి దిగితే ఒక కుటుంబం ఏడాది కష్టాన్ని తొక్కినట్టే.

హుద్‌హుద్ మిగిల్చిన పాఠం

విశాఖ తోటలను చూసేవాళ్లు ఒక తారీఖు గుర్తుంచుకోవాలి. 2014 అక్టోబర్ 12. ఆ రోజు హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగంతో గాలులు వీచాయి. కైలాసగిరి, జూపార్కు, వుడా పార్కు, యూనివర్సిటీ ఆవరణ, రోడ్ల పక్క చెట్లు, అన్నిచోట్లా పచ్చదనం కూలిపోయింది. చోడవరం, మాడుగుల వైపు చెరకు పడిపోయింది, అరటి విరిగిపోయింది. పాడేరు, అరకు కొండల్లో కాఫీకి నీడనిచ్చే సిల్వర్ ఓక్‌లు నేలకొరిగాయి. ఆ వారం చూసినవాళ్లెవరూ మరిచిపోరు.

ఇప్పుడు మీరు విశాఖ పార్కుల్లో చూసే చెట్లలో చాలా వరకు ఆ తర్వాత నాటినవే. మధ్యమధ్య లావుపాటి కాండంతో ఒక చెట్టు నిలబడి ఉంటే, అది ఆ గాలిని తట్టుకున్నదని అర్థం. ఏది నిలిచింది, ఏది కూలింది అని తోటమాలిని అడగండి. నీడ కోసం, పూల కోసం తొందరగా పెరిగే చెట్లను ఎంచుకున్నచోట నష్టం ఎక్కువ జరిగింది. వాటి వేళ్లు పైపైనే పరుచుకుంటాయి, కొమ్మలు పెళుసుగా ఉంటాయి.

తుపాను తర్వాత పచ్చదనం వెంటనే తిరిగి రావాలన్న ఆత్రంలో నగరమంతా ఏడాకుల పాల చెట్లు ఎక్కువగా నాటారు. అది తొందరగా పెరిగింది, నీడ ఇచ్చింది. అక్టోబర్, నవంబర్ రాత్రుల్లో దాని పూల ఘాటు వాసన మాత్రం ఎంతోమందిని ఇబ్బంది పెట్టింది. తలనొప్పి, ఊపిరాడకపోవడం అంటూ ఆయా కాలనీలవాళ్లు ఫిర్యాదులు చేశారు. చెట్టు చెడ్డది కాదు. అడవిలో అక్కడొకటి ఇక్కడొకటి ఉండే చెట్టును వీధి పొడవునా వరుసగా పెట్టడం వల్ల వచ్చిన చిక్కు అది. తొందరగా ఫలితమిచ్చే ఒకే మార్గం మీద మొత్తం భారం వేయకూడదన్న సంగతి చదువుకూ వర్తిస్తుంది, వ్యాపారానికీ వర్తిస్తుంది. నిదానంగా పెరిగేవి కొన్ని, తొందరగా పెరిగేవి కొన్ని, రకరకాలుగా నాటుకున్న తోటే తుపానుకు నిలుస్తుంది.

ఒక షిల్లింగు తోటలు

అందరిదీ అయిన తోటలే కాదు, సొంత తోటలను కూడా అందరూ చూసేలా తెరవొచ్చు. ఇంగ్లండ్‌లో కెంట్, సస్సెక్స్, కార్న్‌వాల్ లాంటి సముద్రతీర కౌంటీలు తోటలకు ప్రసిద్ధి. ఆ దేశంలో 1927లో ఒక మంచి పని మొదలైంది. ఇంటింటికీ వెళ్లి రోగులకు సేవ చేసే జిల్లా నర్సుల కోసం డబ్బు కూడబెట్టాలని, తమ సొంత తోటలను ఒక రోజు అందరికీ తెరవమని తోటలున్నవాళ్లను అడిగారు. ప్రవేశ రుసుము మనిషికి ఒక షిల్లింగు. మొదటి ఏడాదే 609 తోటలు తెరుచుకున్నాయి. నేషనల్ గార్డెన్ స్కీమ్ పేరుతో ఆ పని ఇప్పటికీ నడుస్తోంది. ఏడాదికి వేల తోటలు తెరుస్తారు, ఏ తోట ఏ రోజు తెరుస్తారో చెప్పే పసుపు అట్ట పుస్తకం వేస్తారు. గొప్ప మేడల తోటల పక్కనే చిన్న పెరళ్లు కూడా ఆ జాబితాలో ఉంటాయి.

కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో ఇంగ్లండ్ వెళ్లే అమ్మానాన్నలు మన వైపు చాలామందే ఉన్నారు. పిల్లలు ఆఫీసుకు వెళ్లిపోతే పగలంతా ఒక్కరే ఉండాల్సి వస్తుంది. అలాంటివాళ్లు ఈ తోటలకు తప్పకుండా వెళ్లాలి. భాష రాకపోయినా ఫరవాలేదు. మొక్కల దగ్గర కూర్చున్న రైతుకు ఏ దేశంలోనూ పరాయితనం ఉండదు. సస్సెక్స్‌లోని వేక్‌హర్‌స్ట్ తోటను లండన్ క్యూ గార్డెన్స్ వాళ్లు నడుపుతారు. ప్రపంచ దేశాల అడవి మొక్కల విత్తనాలు దాచే మిలీనియం సీడ్ బ్యాంకు 2000 నుంచి అక్కడే ఉంది. వరి విత్తనం దాచడం తెలిసిన మనిషికి ఆ చోటు వెంటనే అర్థమవుతుంది.

ఇంగ్లండ్ వెళ్లలేనివాళ్లు ఆ పద్ధతిని ఇక్కడికి తెచ్చుకోవచ్చు. చోడవరంలో మేడ మీద కుండీల్లో కూరగాయలు పెంచేవాళ్లున్నారు, పెరట్లో కనకాంబరాలు, కరివేపాకు, బొప్పాయి, మందారాలు పెంచేవాళ్లున్నారు. కడియం నర్సరీల నుంచి మొక్కలు తెచ్చుకుని అపురూపంగా చూసుకునేవాళ్లున్నారు. వీధిలో నలుగురు కలిసి ఒక ఆదివారం పొద్దున మీ పెరళ్లను ఇరుగుపొరుగుకు తెరవండి. రుసుము వద్దు. వచ్చినవాళ్లకు ఒక అంటో, విత్తనమో, చోడి అంబలి గ్లాసో ఇవ్వండి. ప్రభుత్వ బడికి మొక్కలు కొనడానికి ఒక డబ్బా పెడితే ఇంకా మంచిది.

కుటుంబంతో వెళ్లేటప్పుడు

నీళ్లు, టోపీ లేదా గొడుగు, నడవడానికి వీలైన చెప్పులు చాలు. మన తీరంలో ఉక్క ఎక్కువ కాబట్టి మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా పెద్దవాళ్లను తిప్పవద్దు. వాళ్లకోసం ముందుగా బెంచీలు, మరుగుదొడ్డి ఎక్కడున్నాయో చూసుకోండి. వాళ్లు తిరగలేకపోయినా ఒక చెట్టు కింద కూర్చోబెట్టి, తమ చిన్నప్పుడు ఆ చెట్టుతో ఏం చేసేవాళ్లో పిల్లలకు చెప్పమనండి. రేల కాయతో, తాటి ముంజెల కాయతో, కానుగ పుల్లతో ఏం చేసేవాళ్లో చెప్పగలిగిన చివరి తరం వాళ్లు. అక్టోబర్, నవంబర్‌లో తుపాను హెచ్చరిక ఉంటే పార్కు ప్రయాణం మానుకోండి.

పూజకైనా సరే పూలు కోయవద్దు. అది అందరి చెట్టు. కింద రాలినవి ఏరుకోవచ్చు. జూలో జంతువులకు, కొండల మీద కోతులకు తినే వస్తువులు పెట్టవద్దు. కాండం మీద పేర్లు చెక్కనివ్వవద్దు. బెరడు కిందే చెట్టు ఆహారం ప్రయాణిస్తుందని పిల్లలకు చెబితే వాళ్లే మానేస్తారు. మీరు తెచ్చిన కవర్లు మీరే తిరిగి తీసుకెళ్లండి.

పిల్లలకు ఒక్కొక్కరికి ఒక్కో పని ఇవ్వండి. ఒకరు ఐదు రకాల ఆకులు కింద నుంచి ఏరాలి. ఒకరు పిట్టలు లెక్కపెట్టాలి. ఒకరు తోటమాలిని పేర్లు అడిగి రావాలి. పెద్దల్ని మర్యాదగా పలకరించి ఒక విషయం తెలుసుకుని రావడం పిల్లలకు జీవితమంతా పనికొచ్చే నేర్పు. పార్కులో జారుడుబల్ల ఎక్కడం ఆ తర్వాత ఎలాగూ ఉంటుంది.

ఏడాది సాధన

మొదటి వారం మీ ఊళ్లోనే మొదలుపెట్టండి. స్వయంభూ వినాయకుడి గుడికి వెళ్లే దారిలోనో, బస్టాండు దగ్గరో, మీ పిల్లల బడిలోనో ఒక పెద్ద చెట్టును ఎంచుకోండి. పేరు తెలుసుకోండి. వారానికోసారి ఐదు నిమిషాలు దాని దగ్గర ఆగండి.

మొదటి నెల పూర్తయ్యేలోగా పైన చెప్పిన తోటల్లో ఒకటి నిర్ణయించుకోండి. ఆ నెలలో ఒకసారి వెళ్లి మీ చెట్టును ఎంచుకుని నోటు పుస్తకంలో మొదటి రెండు లైన్లు రాయండి.

ఆ తర్వాత ఏడాది చివరిదాకా నెలకోసారి అదే తోటకు, అదే చెట్టు దగ్గరకు వెళ్లండి. వేరే తోటకు వెళ్లాలని మనసు లాగుతుంది. ఇక్కడ చూసేదేమీ మిగల్లేదనిపిస్తుంది. సరిగ్గా అప్పుడే మీ చూపు మొదటి పొర దాటుతోందని గుర్తుపెట్టుకుని ఇంకోసారి వెళ్లండి. ఆ విసుగును దాటడమే ఈ సాధనలో అసలు పని. చదువులోనైనా, సంగీతంలోనైనా, దుకాణం నడపడంలోనైనా చాలామంది ఆగిపోయేది అక్కడే.

ఏడాది చివర మీ నోటు పుస్తకం తీసి, మీ చెట్టు గురించి ఒక పేజీ రాయండి. ఎప్పుడు చిగురించింది, ఎప్పుడు పూసింది, ఎవరు దాని మీద వాలారు, ఎవరు మీకు దాని పేరు చెప్పారు. ఆ పేజీని ఇంట్లో చిన్నపిల్లలకు చదివి వినిపించండి. తర్వాత కార్తీకంలో వనభోజనానికి వెళ్లినప్పుడు వంట మొదలుకాకముందే అందర్నీ ఉసిరి చెట్టు చుట్టూ నిలబెట్టి, దాని ఆకు, కాయ, బెరడు మీరే చూపించి చెప్పండి. ఏడాదంతా చూసిన మనిషి చెబితే జనం వింటారు.